రేపల్లె బండిలో మూడు ప్రకటనలు

మొన్న సోమవారం స్టాఫ్ రూంలో కూర్చుని పేపర్లు దిద్దుతుంటే నా ఫోను ఒకసారి మూలిగి తెర మీద ఒక చీటీ పెట్టింది. కొత్త అప్‌డేట్ వచ్చిందట. ఇప్పుడే వేసుకుంటారా, తర్వాత వేసుకుంటారా అని అడుగుతోంది. అసలు వద్దు అనడానికి ఎక్కడా చోటు లేదు. పక్కనున్న లెక్కల మేడం "నొక్కెయ్యండి, పీడా పోద్ది" అంది. నేను నొక్కలేదు. ఫోను బోర్లా పెట్టి, కాసేపు ఏ పేపరూ ముట్టుకోకుండా కూర్చున్నాను. ఆ చీటీ కనపడితే నాకు ఒక మనిషి గుర్తొస్తాడు. ఆయన కిందటి వానాకాలంలో పోయాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. మరిచిపోయి కాదు. పేరేంటని అడిగిన ప్రతి యాప్‌కీ ఆయన తెనాలి, రేపల్లె లైన్లో ఉన్న స్టేషన్ల పేర్లు ఇచ్చేవాడు. ఒకదాంట్లో వేమూరు రావు, ఇంకోదాంట్లో భట్టిప్రోలు శాస్త్రి. "అడిగినోడికల్లా పేరు చెప్పడానికి నేనేమన్నా పెళ్ళిచూపుల్లో కూచున్నానా టీచరమ్మా?" అనేవాడు. అంత జాగ్రత్తగా దాచుకున్న పేరుని మనిషి పోయాక నేను అచ్చులో పెట్టడం మర్యాద కాదు. బండిలో అందరూ ఆయన్ని బాబాయ్ అనేవాళ్ళు. నేనూ అంతే.

నాది తెనాలి. రేపల్లెలో హైస్కూలు పిల్లలకి తెలుగు చెప్తాను. రోజూ పొద్దున పాసింజరు బండిలో గంటసేపు ప్రయాణం. బాబాయ్‌ది అంగలకుదురు. రేపల్లెలో ఒక కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైన మర్నాడు పొద్దున మళ్ళీ అదే బండిలో, అదే కిటికీ పక్కన కనిపించాడు. "అదేంటి బాబాయ్, నిన్నేగా దండలేసి పంపించారు?" అని అడిగాను. "నెలపాసు ఇంకా పద్దెనిమిది రోజులుందమ్మా" అన్నాడు. ఆ పద్దెనిమిది రోజులు దాదాపు పదేళ్ళు సాగాయి. పగలంతా రేపల్లె బజార్లో ఒక సెల్ రిపేరు కొట్లో కూర్చుని, సాయంత్రం ఇంటికి కావలసినవి కొనుక్కుని తిరుగు బండెక్కేవాడు.

మనిషి సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో ఉండేవాడు. చేతిలో ఎప్పుడూ మూడు గిన్నెల క్యారియర్. పై గిన్నెలో కేబుళ్ళు, మధ్య గిన్నెలో సిమ్ములు తీసే పిన్నులూ మెమొరీ కార్డులూ, అడుగు గిన్నెలో పెరుగన్నం, మాగాయ ముక్క. మా ఎదురుగా కూర్చునే భాయ్ గారికి రేపల్లెలో బట్టల కొట్టుంది. ఒకసారి ఆయన ఫోనుకి బాబాయ్ కేబుల్ గుచ్చి తీశాక, ఆ ఫోను వారం రోజులు మాగాయ వాసన కొట్టింది. భాయ్ గారు ఆ మాట అంటే "వాసనకి డేటా పోదండి" అని సమాధానం.

ఆయన బండిలో చేసే పని ఫోన్లను రూట్ చెయ్యడం. అదేంటో తెలియనివాళ్ళకి ఒకటే పాఠం చెప్పేవాడు. పదేళ్ళలో దాంట్లో ఒక్క ముక్క మారలేదు.

"ఇల్లు కొన్నారనుకోండి. రిజిస్ట్రేషన్ అయింది, పాలు పొంగించారు. వీధిగది తాళం మీ చేతికిచ్చాడు. వంటింటి తాళం, సామాన్లగది తాళం, పెరటి గుమ్మం తాళం మాత్రం అమ్మినోడు మొలకి కట్టుకుని పోయాడు. మీకు ఉప్పు కావాలంటే వాడు రావాలి. దాన్ని ఇల్లంటారా, సత్రమంటారా?"

"సత్రమేనండి."

"ఆ తాళాలు తెచ్చుకోడమేనండి రూటంటే."

"మరి అప్‌డేట్ అంటే ఏంటండి?"

"పరామర్శకొచ్చినట్టు వచ్చి, తాళాలన్నీ మార్చేసి పోవడం."

చేసినందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు, ఒక్క మాట తప్ప. అప్‌డేట్ అని చీటీ వస్తే చచ్చినా నొక్కనని మాట ఇవ్వాలి. నేనూ ఇచ్చాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నాకే తలవంపులు తెచ్చింది.

అయితే ఫోను ఇచ్చిన రోజునే పని మొదలయ్యేది కాదు. ఆయన లూథరన్ చర్చిలో ఆదివారం ప్రకటనలు చదివే పెద్దమనిషి. వాళ్ళ సంఘంలో పెళ్ళి కుదిరితే, పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ఆ సంగతి అందరి ముందూ చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆ మూడుసార్లలో లేచి చెప్పాలి. చెప్పకపోతే తర్వాత నోరు మూసుకోవాలి. బాబాయ్ ఆ పద్ధతిని తెచ్చి ఫోన్లకి అంటగట్టాడు. మూడు రోజులు వరసగా, బండి వేమూరు దాటాక, ఫోనూ ల్యాప్‌టాపూ చెరో మోకాలి మీద పెట్టుకుని, చర్చి గొంతుతో చదివేవాడు.

"తెనాలి వాస్తవ్యులైన ఫలానావారి ఫోనుకును, అంగలకుదురు వాస్తవ్యుడనైన నా ల్యాప్‌టాపునకును కేబుల్ సంబంధము కుదిరినది. ఇందుకు ఎవరికైనను న్యాయమైన అభ్యంతరము ఉన్నయెడల ఇప్పుడే తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన."

కొత్తవాళ్ళు బిత్తరపోయేవాళ్ళు. మేం పాత కాపులం కనక "మాకేం అభ్యంతరం లేదండి" అని కోరస్ చెప్పేవాళ్ళం. ఒక్కసారి మాత్రం నిజంగానే అభ్యంతరం వచ్చింది. వేమూరు గుమాస్తా ఒకాయన ఫోను ఇచ్చాడు. రెండో రోజు ఆయన భార్య కూడా బండెక్కింది. ప్రకటన అవగానే ఆవిడ లేచి నిలబడి, "నాకుందండి అభ్యంతరం. రూటు చేస్తే బ్యాంకు యాప్ పనిచెయ్యదంట. ఇంక సరుకులకి డబ్బులెయ్యమంటే ఫోను పనిచెయ్యట్లేదంటాడు ఈయన" అంది. గుమాస్తా తల దించుకున్నాడు. బాబాయ్ ల్యాప్‌టాప్ మూసి, "అభ్యంతరం న్యాయమైందే. ఈ సంబంధం రద్దు" అని తీర్పు చెప్పాడు. గుమాస్తా ఆ తర్వాత వేరే పెట్టెలో ఎక్కడం మొదలుపెట్టాడు.

ఇంతకీ ఈ రూటు పిచ్చి ఆయనకి ఎలా పట్టిందంటే, భార్య వల్ల. ఆవిడది బాపట్ల. సముద్రం పక్కన పుట్టిన మనిషి కనక చేపల సంగతి తనకి తెలిసినంతగా అంగలకుదురులో ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. సాయంత్రం అడవులదీవి వైపునుంచి వచ్చిన చేపల బుట్టల ముందు బాబాయ్ నిలబడగానే ఫోను మోగేది. ఏం తేవాలో, ఏం తేవద్దో ఆవిడ చెప్పేది. ఈయన ఊఁ కొట్టేవాడు. ఇంటికెళ్ళాక తెచ్చింది వేరు, చెప్పింది వేరు అని యుద్ధం. బొమ్మిడాయిలు తెమ్మంటే మట్టగిడసలు తెచ్చారని ఆవిడ, మట్టగిడసలే తెమ్మన్నావని ఈయన. ఆ ఒక్క తగువు ఐదారేళ్ళు నడిచింది.

మామూలు ఫోను మాట్లాడేది రికార్డు చెయ్యనివ్వదు. ఒకవేళ చేసినా, చేస్తున్నామని అవతలివాళ్ళకి చెప్పేస్తుంది. ఈ యుద్ధాలు మొదలైన కొత్తలోనే బాబాయ్ సాక్ష్యం కోసం తన ఫోనుని రూట్ చేసి, నోరు మూసుకుని రికార్డు చేసే యాప్ ఒకటి దాంట్లో పెట్టాడు. ఆవిడ ఫోను చేసిన ప్రతిసారీ అది ఒక గదిలో పడేది. ఆ గది తలుపు రూటు ఉంటేనే తెరుచుకుంటుంది.

"సాక్ష్యం నా దగ్గరుందండి" అని మాతో గర్వంగా చెప్పేవాడు.

"మరి ఆవిడకి వినిపించొచ్చుగా బాబాయ్?"

"తొందరేముంది. సుప్రీంకోర్టు దాకా వెళ్ళినప్పుడు వినిపిద్దాం."

మేమందరం ఆయన పక్షమే. పాపం ఆవిడకి మతిమరుపు కాబోలు అనుకునేవాళ్ళం.

తర్వాత ఒక వేసవిలో ఆవిడ వారం రోజులు జ్వరంతో మంచానపడి చనిపోయింది. బాబాయ్ నెల రోజులు బండెక్కలేదు. మళ్ళీ వచ్చినప్పుడు చొక్కా ఇస్త్రీ అలాగే ఉంది, క్యారియర్ అలాగే ఉంది. చేపల మాట మాత్రం ఎత్తలేదు. చాలాకాలానికి నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఆ రికార్డులు వింటుంటారా బాబాయ్?"

"ఆవిడ పోయాక ఒక్కటీ వినలేదండి."

"అదేంటండి?"

"ధైర్యం చాలట్లా. ఉన్నాయిగా లోపల, అది చాలు."

"వేరే ఎక్కడన్నా కాపీ తీసి పెట్టారా? మా అందరికీ చెప్తారుగా, కాపీ లేని ఫోను కొంపలేని సంసారమని."

"తీద్దామంటే అవి తెరవాలి. తెరిస్తే ఆవిడ మాట్లాడుద్ది. చూద్దాంలెండి" అన్నాడు.

అప్పటికి ఆవిడ పోయి మూడేళ్ళు. ఆవిడ గొంతు ఈ లోకంలో ఆ ఒక్క ఫోనులో తప్ప ఎక్కడా లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ నేను చేసిన పని ఇప్పుడు చెప్తాను.

నాకు ఓపిక తక్కువ. నా చేతికి కాగితం వస్తే ముందు తప్పులు కనిపిస్తాయి, తర్వాతే సంగతి కనిపిస్తుంది. ఒకరోజు పొద్దున బాబాయ్ తన ఫోను నాకిచ్చి, "చర్చిలో కోతకాలపు పండగ కరపత్రం టీచరమ్మా, కాస్త తప్పులు చూడండి" అని చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు. భాయ్ గారు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నారు. కరపత్రంలో 'ఆహ్వానము' అన్నచోట హకారం కింద వత్తు లేదు. అది దిద్దబోతుంటే సరిగ్గా ఆ మాట మీద ఒక చీటీ వచ్చి కూర్చుంది. అప్‌డేట్. పక్కన ఎర్రచుక్క. దాన్ని పక్కకి తోశాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తోశాను. మళ్ళీ వచ్చి నా ఆహ్వానం మీదే కూర్చుంది. ఇరవై ఏళ్ళుగా పిల్లల పేపర్లలో అడ్డొచ్చినదాన్నల్లా కొట్టేసిన చెయ్యి ఇది. చీటీ పోవాలి, నా వత్తు నేను పెట్టుకోవాలి, అంతే. ఏం రాసుందో కూడా చదవకుండా నొక్కేశాను.

తెర నల్లబడింది. తర్వాత పొట్ట తెరుచుకున్న ఆకుపచ్చ మరమనిషి బొమ్మ ఒకటి వచ్చింది. దాని కింద ఒక గీత నెమ్మదిగా నిండుతోంది. ఏం చేశానో తెలుసా? ఫోనుని ఆయన సీటులో పెట్టి, మీద ఆయన తువ్వాలు కప్పి, నా బ్యాగులోంచి పాఠం నోట్సు తీసి చదువుతూ కూర్చున్నాను. బాబాయ్ వచ్చి తువ్వాలుతో సహా ఫోను తీసి సంచిలో వేసుకున్నాడు. ఆ రోజు నేను దిగేటప్పుడు వస్తానని కూడా చెప్పలేదు.

మర్నాడు ఆయన ముఖం చూడగానే అర్థమైంది.

"చూశారా టీచరమ్మా, సిమ్ము కంపెనీవాడు ఎంత పని చేశాడో. అడక్కుండా చెప్పకుండా అప్‌డేట్ ఎక్కించేశాడు. రూటు పోయింది. యాప్ తలుపు తియ్యట్లా."

ఆ ఫోను బాపట్లలో ఆయన బావమరిది సిమ్ముతో పాటు ఇప్పించినది. అప్‌డేట్లు కూడా ఆ సిమ్ము కంపెనీయే పంపేది. "వాడి టవర్ల మీద కాకులు గూళ్ళు పెట్ట. వాడి సిగ్నల్ చెరువులో పడ" అని మొదలుపెట్టి, తిట్టిన తిట్టు తిట్టకుండా భట్టిప్రోలు దాకా తిట్టాడు.

"అంతేనండి బాబాయ్, ఈ కంపెనీలకి సిగ్గూ శరం లేదు" అన్నాను. తర్వాత మెల్లగా అడిగాను. "ఆవిడ రికార్డులు?"

"లోపలే ఉన్నాయండి. మళ్ళీ తాళం చెయ్యించుకోవాలి. ఈ కొత్త అప్‌డేట్‌కి సరిపోయే ఫైలు తెచ్చి, దాంట్లో మన తాళం కలిపి, కేబుల్ ద్వారా పంపాలి. సరిపోని ఫైలు పంపితే ఫోను వెలిగీ వెలగకుండా కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోద్ది. ఎక్కడన్నా చెయ్యి జారి లాక్ అని కొట్టామా, మొత్తం తుడిచిపెట్టుకుపోద్ది."

"అయితే ఇవాళే చెయ్యండి బాబాయ్."

"ప్రకటన చదవకుండానా?"

"మీ ఫోనుకి కూడా ప్రకటన ఏంటండి?"

"నాకో ధర్మం, మీకో ధర్మమా?" అన్నాడు. "ఇంకో సంగతి. మొన్న బాపట్లలో నా కుడికంటికి శుక్లం తీశారు. సన్నటి అక్షరాలు అలుక్కుపోయినట్టుంటున్నాయి. మాట నాది, చెయ్యి మీది. మీరే చెయ్యాలి."

బండి వేమూరు ఎప్పుడో దాటింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ కూర్చునే చదివేవాడు. "అంగలకుదురు వాస్తవ్యుడనైన నా ఫోనుకును, నా ల్యాప్‌టాపునకును మరల కేబుల్ సంబంధము కుదిరినది. ఇందుకు ఎవరికైనను న్యాయమైన అభ్యంతరము గాని, చెప్పుకోవలసిన మాట గాని ఉన్నయెడల ఇప్పుడే తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన."

చెప్పుకోవలసిన మాట అన్నది అంతకుముందు ఎప్పుడూ లేదు. భాషా టీచర్ని కదా, చెవిలో ముల్లులా గుచ్చుకుంది. భాయ్ గారు "మాకేం లేదు బాబాయ్, కానియ్యండి" అన్నారు. నేను కిటికీలోంచి వరిచేలని చాలా శ్రద్ధగా చూశాను.

రెండో రోజు ఫైలు తెచ్చాడు. తెరిచి నన్ను పేరు చదవమన్నాడు. ఫోనులో ఉన్నదానితో పోలిస్తే చివర అంకెల్లో ఒకటి తేడా. "తొంభై తొమ్మిది శాతం సరిపోయిందిగా బాబాయ్" అన్నాను. ఆయన నావైపు జాలిగా చూసి, "మీ టెన్త్ పిల్లలకి హాల్ టిక్కెట్టు మీద ఒక్క అంకె మారితే ఎవరి పరీక్ష ఎవరు రాస్తారు?" అన్నాడు. ఆ ఫైలు చెరిపేయించి రెండో ప్రకటన చదివాడు. ఈసారి చదివాక చాలాసేపు ఆగాడు. పల్లీలమ్మే ఆవిడ కూడా గంప దించి నిలబడిపోయింది. నా నోరు తెరుచుకుంది. మాట నాలిక చివరిదాకా వచ్చింది. బాబాయ్ నావైపు తిరిగి "చెప్పండి" అన్నాడు.

"ఒక పొట్లం పల్లీలివ్వమ్మా" అన్నాను.

ఆ రోజు మూడో పీరియడ్లో ఒక అమ్మాయి పక్క అమ్మాయి నోట్సు చూసి రాస్తూ దొరికింది. దాన్ని నిలబెట్టి, తప్పు చెయ్యడం తప్పు కాదు, ఒప్పుకోకపోవడం తప్పు అని పది నిమిషాలు దంచాను. ఆ పిల్ల వెంటనే ఒప్పుకుని కూర్చుంది. నాకు ముఖం చెల్లలేదు. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నేను దొంగనైనందుకు ఏడుపు ఒకటి, ఆ ఫోనులో ఆవిడ పోతే ఆయన ఏమైపోతాడోనని భయం ఒకటి.

మూడో రోజు సరైన ఫైలు వచ్చింది. అంకెలన్నీ రెండుసార్లు చదివించుకున్నాడు. వేమూరు దాటింది. లేచి, కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "ఇది మూడవది, కడపటి ప్రకటన" అని ఆగాడు. బండి చప్పుడు ఒక్కటే వినపడుతోంది.

"బాబాయ్" అన్నాను. "అభ్యంతరం కాదుగానీ, ఒక మాట ఉందండి. ఆ అప్‌డేట్ కంపెనీవాడు వేసింది కాదు. నేను నొక్కాను. వత్తు పెడుతుంటే అడ్డొచ్చిందని నొక్కాను. చెప్పడానికి భయమేసి తువ్వాలు కప్పాను."

ఆయన కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"అమ్మయ్య" అన్నాడు. "నాలుగో ప్రకటన మా సంఘంలో లేదండి. మీరు ఇవాళ కూడా పల్లీలు కొనుక్కుంటారేమోనని హడలి చస్తున్నా."

"మీకు తెలుసా?"

"ఏ టైముకి ఎక్కిందో ఫోనులో రాసుంటదిగా. ఎనిమిదీ నలభై. అప్పుడు నేను చేతులు కడుక్కుంటున్నా. భాయ్ గారు గుర్రు పెడుతున్నారు. ఫోను మీ చేతిలో ఉంది. ఇంకెవరు, పైనున్న ఫ్యాను నొక్కుద్దా?"

"మరి కంపెనీవాణ్ణి అన్ని తిట్లు తిట్టారు?"

"వాడికి ఎప్పటికైనా తగలాల్సినవేలెండి."

"నామీద కోపం రాలేదా బాబాయ్?"

"రాకేం. మొదటిరోజు అన్నం తినలా. కానీ మొహం మీద అడిగితే మీరు కాదంటారు. ఒకసారి కాదన్నాక ఇంక రోజూ ఎదురుబొదురుగా ఎట్టా కూచుంటాం? అందుకని పిలిచి ఊరుకున్నా. వచ్చేవాళ్ళు మూడు పిలుపుల్లో వస్తారు." ల్యాప్‌టాప్ నా ఒడిలోకి జరిపాడు. "సరే, ఇంక కానియ్యండి. అప్పుడు నొక్కింది మీరే, ఇప్పుడూ మీరే నొక్కాలి."

ఆయన ఒక్కో ఇంగ్లీషు అక్షరం చెప్తుంటే నేను ఉక్తలేఖనం రాసే పిల్లలా టైపు చేశాను. ఒక్కో అక్షరానికీ రెండుసార్లు వెనక్కెళ్ళి చూసుకున్నాను. "వత్తులేం లేవు టీచరమ్మా, భయపడకండి" అన్నాడు. బండి ఊగుతుంటే భాయ్ గారు కేబుల్ ఊడకుండా రెండు చేతులతో పట్టుకుని, బిడ్డకి సెలైను పెట్టినవాడిలా కదలకుండా కూర్చున్నారు. చివరి మీట నొక్కాను. ఫోను ఆగి, మళ్ళీ వెలిగి, కంపెనీ బొమ్మ చూపించింది. అక్కడే ఉండిపోయింది.

భట్టిప్రోలు వచ్చింది, పోయింది. బొమ్మ కదల్లేదు. బాబాయ్ పెదాలు కదుపుతూ పరలోక ప్రార్థన చెప్పుకుంటున్నాడు. భాయ్ గారు కళ్ళు మూసుకుని అల్లాని తలుచుకుంటున్నారు. నేను వైకుంఠపురం వెంకన్నకి కొబ్బరికాయలు మొక్కుకున్నాను. మొదట ఒకటి అనుకున్నాను. పల్లికోన వచ్చేసరికి పదకొండుకి పెరిగాయి. పల్లికోన దాటాక తెర తెల్లగా వెలిగింది.

యాప్ తలుపు తెరుచుకుంది. లోపల వరసగా వందల రికార్డులున్నాయి. అన్నిటి మీదా ఒకటే పేరు, 'ఇల్లు' అని. బాబాయ్ ఫోను నావైపు తిప్పాడు. "ఏదో ఒకటి నొక్కండి" అన్నాడు. వేలికి తగిలింది నొక్కాను.

"ఏవండీ, ఎక్కడున్నారు? బజార్లోనేనా? బొమ్మిడాయిలు తీసుకోండి. దొరక్కపోతే ఊరికే వచ్చెయ్యండి. మట్టగిడసలు మాత్రం తేవద్దు. వింటున్నారా? ఏం తేవద్దన్నాను?"

"మట్టగిడసలు." ఇది బాబాయ్ గొంతు.

"ఆఁ. మళ్ళీ నేను చెప్పలేదనేరు."

"సరేనే."

పెట్టెలో అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. భాయ్ గారు కేబుల్ వదిలేసి, "ఏంటి బాబాయ్, ఇన్నేళ్ళ కేసు ఇదేనా? పాపం ఆవిడకి మతిమరుపనుకున్నాం కదండీ మేము" అన్నారు.

బాబాయ్ ముఖంలో ఓడిపోయిన ఛాయే లేదు. "నాకు ఆ రోజే తెలుసండి. ఇంటికెళ్ళగానే పెరట్లో నించుని విన్నా. బొమ్మిడాయిలు అయిపోయినై, ఒట్టి చేతుల్తో పోలేక అవి తీసుకెళ్ళా" అన్నాడు.

"మరి ఒప్పుకోలేదేం?" అన్నాను నేను. మూడు రోజులు నోరు మూసుకున్నదాన్ని నేనే ఆ మాట అడగడం సిగ్గులేనితనమే.

"ఒప్పుకుంటే అక్కడితో అయిపోద్దిగా. పొద్దున కాఫీ గ్లాసు చేతికిచ్చి ఆ చేపల దగ్గర మొదలెట్టేది. పెళ్ళిలో మా వాళ్ళు పెట్టిన చీర దాకా పోయేది. కాఫీ చల్లారిపోయేది, ఆవిడ ఆపేది కాదు. అంత కాలక్షేపాన్ని ఒక్క మాటతో పోగొట్టుకుంటానా?"

నాకు ఏడుపొచ్చింది. బండిలో, అందరి ముందూ, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నా వల్ల ఆ గొంతు పోయుంటే నన్ను నేను క్షమించుకునేదాన్ని కాదు.

రేపల్లె వచ్చింది. దాని తర్వాత ఇంక స్టేషన్ లేదు, బండి అక్కడే ఆగుతుంది. అందరూ దిగారు. భాయ్ గారు కొట్టు తెరవాలని వెళ్ళిపోయారు. బాబాయ్ ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. ఇంకో రికార్డు నడుస్తోంది. నాకు బడి వేళయింది.

"దిగరా బాబాయ్?"

ఆయన వేలెత్తి ఆగమన్నాడు. "ఉండండి, పెరుగు తోడుకోలేదని చెప్తోంది. మధ్యలో లేస్తే ఊరుకోదు."

నేనూ ఎదురుగా కూర్చున్నాను. ఖాళీ పెట్టెలో ఆవిడ గొంతు సన్నగా నాకూ వినపడుతోంది. పాలు పోసేవాడు నీళ్ళు కలుపుతున్నాడట, అందుకే తోడుకోలేదట, మీరు అడగరు, నన్ను అడగనివ్వరు అంటోంది. రికార్డులో బాబాయ్ మధ్యమధ్య ఊఁ కొడుతున్నాడు. ఆ ఊఁ వచ్చే ప్రతిచోటా, ఒక్క క్షణం ముందుగా, నా ఎదురుగా కూర్చున్న బాబాయ్ ఊఁ అంటున్నాడు.